ఊపిరితిత్తిలో ఫంగస్ బాల్: ఆపరేషనా, మాత్రలా, ఎంబోలైజేషనా, ఊరికే కనిపెట్టుకుని ఉండడమా?

మా పెదనాన్న సీటీ ఫిల్మును షాపులో ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని చూసిన సాయంత్రం ఇంకా కళ్ల ముందే ఉంది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో నల్లటి గుల్ల, దాని అడుగున తెల్లటి ఉండ, ఉండ నెత్తిన నెలవంకలా సన్నటి నల్ల చార. "ఇదేంట్రా, లోపల కోడిగుడ్డు పెట్టినట్టుంది?" అన్నారాయన. రిపోర్టు చివరి లైనులో ఆస్పర్‌జిల్లోమా అని ఉంది. అంటే ఫంగస్ బాల్, బూజు కట్టిన ఉండ.

ఆయన టంగుటూరు దగ్గర పల్లెలో పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేసిన మనిషి. పాతికేళ్ల కిందట టీబీ వచ్చి, కోర్సు మొత్తం వాడి, నయమై, ఆ సంగతే మర్చిపోయారు. ఇప్పుడు కొన్ని వారాలుగా తెమడలో నెత్తురు చారలు. ఆ తర్వాత నెలలో ముగ్గురు డాక్టర్లను కలిశాం. ఒకరు ఆపరేషన్ చేయించేయమన్నారు. ఇంకొకరు మాత్రలు రాశారు. మూడో ఆయన "ఇప్పటికేమీ వద్దు, మూడు నెలల తర్వాత మళ్లీ స్కాన్ తీద్దాం" అన్నారు. ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఎవరి మాట వినాలి?

ముగ్గురి మాటల్లోనూ తప్పు లేదని నాకు తర్వాత అర్థమైంది. ఒకరు గుల్లని చూసి చెప్పారు, ఒకరు పెరిగిన దగ్గునీ తగ్గిన బరువునీ చూసి చెప్పారు, మూడో ఆయన మిగిలిన ఊపిరిని లెక్కేసుకుని చెప్పారు. నేను మందుల షాపు నడిపే ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు. ఏది చేయించుకోవాలో ఇక్కడ తేల్చి చెప్పను. మీ ఛాతీ డాక్టర్ ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం అడగాలో, ఆయన చెప్పే జవాబుని దేనితో తూచుకోవాలో చెబుతాను.

అసలు ఈ ఉండ ఏమిటి

టీబీ నయమైనా అది తొలిచిన చోట గుల్ల మిగిలిపోవచ్చు. పుచ్చు పన్ను లాంటిదనుకోండి. పురుగు పోయినా గుంట ఉంటుంది. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు గాలిలో అంతటా ఉంటుంది. గడ్డివాములో, పేడకుప్పలో, తడిసిన గోడ మీద, నిల్వ ధాన్యంలో పెరుగుతుంది. వేరుశెనగలో అఫ్లాటాక్సిన్ విషం పుట్టించేది కూడా ఈ కుటుంబం బూజే. మనమందరం రోజూ దాన్ని పీలుస్తూనే ఉంటాం, ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి దాన్ని ఊడ్చేస్తుంది. పాత గుల్లలోకి మాత్రం ఆ చీపురు అందదు. అక్కడ బూజు పోగులు, చీము, చచ్చిన కణాలు కలిసి ఉండ కడతాయి. ఆ ఉండ చాలాసార్లు గోడకి అంటుకోకుండా గుల్లలో దొర్లుతూ ఉంటుంది. అందుకే వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి పడుకోబెట్టి స్కాన్ తీస్తే దాని చోటు మారుతుంది.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1842లోనే ఎడిన్‌బరోలో జాన్ హ్యూస్ బెనెట్ అనే వైద్యుడు ఒక క్షయ రోగి ఊపిరితిత్తిలో ఈ బూజుని చూసి రాశాడు. 1960లలో బ్రిటన్‌లో టీబీ నయమయ్యాక రెండున్నర సెంటీమీటర్లకి పైబడిన గుల్ల మిగిలిన 544 మందిని పరీక్షిస్తే, నూటికి 25 మంది రక్తంలో ఈ బూజుకి వ్యతిరేకంగా యాంటీబాడీలు కనిపించాయి. నూటికి 11 మందికి ఎక్స్‌రేలోనే ఉండ కనపడింది. మూడేళ్లకి ఆ 11 కాస్తా 17 అయింది. టీబీ ఇంత ఉన్న మన దేశంలో ఇది అరుదైన జబ్బు కాదు, గుర్తించడమే అరుదు.

ఇంకో మాట. 2021లో కోవిడ్ తర్వాత అందరినీ భయపెట్టిన బ్లాక్ ఫంగస్ ఇది కాదు. అది మ్యూకర్ అనే వేరే బూజు, రోజుల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఇది ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగే వ్యవహారం. ఒకరి నుంచి ఒకరికి అంటదు కూడా. పెదనాన్న గ్లాసూ కంచం విడిగా పెట్టిన మా వదినకి ఈ సంగతి చెప్పి ఒప్పించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఎంచుకునే ముందు: మళ్లీ టీబీ అని మందులు మొదలుపెట్టారా?

మా ఇంట్లో జరిగిన తప్పు ఇదే. మొదట చూపించిన చోట ఎక్స్‌రే చూసి, పాత టీబీ సంగతి విని, తెమడ పరీక్ష లేకుండానే టీబీ మందులు మళ్లీ మొదలుపెట్టేశారు. ఐదు వారాలు వాడాక కూడా నెత్తురు ఆగలేదు, ఆయన మూడు కిలోలు తగ్గారు. దగ్గు, బరువు తగ్గడం, నీరసం, నెత్తురు పడడం రెండు జబ్బుల్లోనూ ఉంటాయి కాబట్టి పొరపాటు తేలిగ్గా జరుగుతుంది.

అందుకని ముందు ఈ పరీక్షలు జరిగాయా చూసుకోండి. తెమడలో టీబీ క్రిమి ఉందో లేదో చెప్పే సీబీనాట్, తెమడలోని క్రిముల్ని పెంచి చూసే కల్చర్. ఛాతీ సీటీ. రక్తంలో ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ, అంటే ఈ బూజుకి వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీ పరీక్ష. ఈ చివరిది ముఖ్యం. ఈ జబ్బున్న వాళ్లలో ఎక్కువ మందికి అది పెరిగి ఉంటుంది, తెమడ కల్చర్‌లో మాత్రం చాలాసార్లు బూజు దొరకదు. ఐజీజీ అడిగితే కొన్ని ల్యాబులు పొరపాటున ఐజీఈ చేసేస్తాయి. అది అలర్జీకి సంబంధించిన వేరే పరీక్ష, రిపోర్టు మీద పేరు చదివి చూసుకోండి. పొగతాగే అలవాటున్న వాళ్లకి గుల్లలో కనిపించేది క్యాన్సర్ గడ్డ కాదని కూడా తేల్చుకోవాలి.

టీబీ నిజంగానే మళ్లీ వచ్చి, దానితోపాటు ఫంగస్ కూడా ఉండే అవకాశం లేకపోలేదు. అప్పుడు మందుల లెక్క మొత్తం మారిపోతుంది. ఎందుకో కింద చెబుతాను.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఉండ ఎంత పెద్దదన్నదే అందరూ మొదట అడుగుతారు. నిజానికి ఆ కొలతకి అంత విలువ లేదు. అసలు తూకం వేరే చోట ఉంది.

మొదటిది నెత్తురు. అసలు పడుతోందా, చారలేనా, గ్లాసుల లెక్కన పడుతోందా? ఈ జబ్బులో మనిషిని అకస్మాత్తుగా తీసుకెళ్లేది ఇదే. నెత్తురు పోయి చనిపోవడం కన్నా, అది గాలిగొట్టాల్లో నిండి ఊపిరాడక చనిపోవడం ఎక్కువ.

రెండోది, జబ్బు ఒక్క గుల్లకే పరిమితమైందా, చుట్టూ పాకుతోందా? ఒకే గుల్ల, ఒకే ఉండ, మూడు నెలల్లో మార్పు లేదు, లక్షణాలు లేవు లేదా నామమాత్రం అంటే దాన్ని సాదా ఆస్పర్‌జిల్లోమా అంటారు. గుల్లలు పెరుగుతున్నా, గోడలు మందమవుతున్నా, బరువు తగ్గుతున్నా అది దీర్ఘకాలిక క్యావిటరీ ఆస్పర్‌జిల్లోసిస్. స్కాన్‌లో ఉండ ఒకేలా కనిపించినా ఈ రెండూ వేరు జబ్బులనుకోండి, వైద్యం కూడా వేరు.

మూడోది, మిగిలిన ఊపిరితిత్తి ఎంత? టీబీ అప్పటికే సగం తినేసిన మనిషికీ, ఒక మూల మాత్రమే పాడైన మనిషికీ ఒకే సలహా కుదరదు.

ఇక షుగర్ అదుపులో ఉందా, స్టెరాయిడ్లు వాడుతున్నారా, ఇప్పటికే ఏయే మాత్రలు మింగుతున్నారు, ఇంటి నుంచి పెద్దాసుపత్రి ఎంత దూరం అన్నవి. ఈ చివరి ప్రశ్న డాక్టర్లు అడగరు, మనమే అడుక్కోవాలి.

కనిపెట్టుకుని ఉండడం

"ఏమీ చేయకపోవడం" అని దీన్ని తీసిపారేస్తారు కానీ, ఇదీ ఒక వైద్యమే. లక్షణాలు లేని ఒంటరి ఉండ 6 నుంచి 24 నెలల్లో మారకుండా ఉంటే అలాగే కనిపెట్టుకుని ఉండొచ్చని 2016 నాటి అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొద్దిమందిలో, నూటికి పదిమంది దాకా, ఉండ దానంతటదే కరిగిపోతుంది కూడా.

చిక్కు ఎక్కడుందంటే, నెత్తురు పడడం చెప్పి రాదు. ఏడాదిగా చీమ కుట్టినట్టు కూడా లేని మనిషికి ఒక రాత్రి ఉన్నట్టుండి పడొచ్చు. అందుకని ఈ దారి ఎంచుకునేవాళ్లు స్కాన్ తేదీ తప్పకూడదు, మొదటి చారకే పరిగెత్తగలిగే ఏర్పాటు ఉండాలి. "మూడు నెలలకి రమ్మన్నారు, బాగానే ఉన్నాగా" అని రెండేళ్లు ఊరుకునే స్వభావం ఉన్నవాళ్లకి ఇది పనికిరాదు. మన ఇళ్లలో అలాంటివాళ్లు ఎంతమందో మీకే తెలుసు.

మాత్రలు

ఈ భాగం కాస్త ఎక్కువ రాస్తాను, నేను రోజూ కౌంటర్ మీద చూసేది ఇదే కాబట్టి.

ముందు ఒక అపోహ పోవాలి. మాత్ర మింగితే ఉండ కరిగిపోదు. గుల్లలోకి రక్తనాళాలు లేవు, ఉండ మధ్యలోకి మందు సరిగా చేరదు. అందుకే సాదా ఒంటరి ఉండకి మాత్రలతో పెద్ద ఉపయోగం కనపడదు. మాత్రల అసలు బలం రెండో రకంలో, అంటే గుల్ల గోడల్లోకి పాకుతున్న దీర్ఘకాలిక జబ్బులో. అక్కడ దగ్గు తగ్గుతుంది, బరువు పెరుగుతుంది, నెత్తురు పడడం తగ్గుతుంది, జబ్బు పాకడం ఆగుతుంది. ఆరు నెలల తర్వాత స్కాన్‌లో ఉండ అలాగే ఉందని నిరాశపడకండి, తూకం మెషీన్ ఏం చెబుతుందో చూడండి.

దీని మీద ప్రపంచానికి దారి చూపించిన పరిశోధనల్లో కొన్ని చండీగఢ్‌లోని పెద్ద ప్రభుత్వ వైద్య సంస్థ పీజీఐలో జరిగాయి. 2013లో వచ్చిన చిన్న అధ్యయనంలో 31 మందిని రెండు గుంపులు చేశారు. ఆరు నెలలు ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు వాడినవాళ్లలో నూటికి 76 మందికి పైగా మెరుగయ్యారు, ఉత్త సహాయక వైద్యంతో 36 మంది. 2022లో 164 మందితో ఇంకో ప్రశ్న తేల్చారు. ఆరు నెలలు వాడి ఆపినవాళ్లలో రెండేళ్లలోపు నూటికి 38 మందికి జబ్బు తిరగబెట్టింది, ఏడాది వాడినవాళ్లలో 10 మందికే. నా దగ్గర ఐదో నెలలో "ఇప్పుడు బాగానే ఉందిగా" అని స్ట్రిప్పులు ఆపేసేవాళ్లకి నేను ఈ రెండంకెలే చెబుతాను.

మోతాదు మామూలుగా ఇట్రాకొనజోల్ 200 మి.గ్రా. రోజుకి రెండుసార్లు. ఇందులో మన వాళ్లు చేసే తప్పు ఒకటుంది. పాత రకం క్యాప్సూల్ ఒంటబట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి, నిండా భోజనం చేశాక వేసుకోవాలి. మన రాష్ట్రాల్లో ప్రిస్క్రిప్షన్ అంటే పైన ఒక గ్యాస్ బిళ్ల ఉండాల్సిందే. పొద్దున్నే పరగడుపున పాంటాప్రజోల్ వేసుకుని, ఆ తర్వాత ఈ క్యాప్సూల్ మింగితే సగం మందు వృథా. సిరప్ రకమైతే లెక్క తిరగబడుతుంది, దాన్ని ఖాళీ కడుపున తాగాలి. సూపర్ బయో అవైలబుల్ అని కొత్త రకం క్యాప్సూల్ వచ్చింది. దానికి ఆమ్లంతో అంత పట్టింపు లేదు, మోతాదు అంకె మాత్రం వేరు. అందుకే బ్రాండు మార్చి ఇచ్చే షాపుల దగ్గర జాగ్రత్త. కుదిరితే రెండు వారాల తర్వాత రక్తంలో మందు స్థాయి పరీక్ష చేయించమని డాక్టర్ని అడగండి.

మిగతా మాత్రలతో దీని తగాదాలు చాలా ఉన్నాయి. టీబీ మందు రిఫాంపిసిన్ దీన్ని ఒంట్లో నిలవనివ్వదు. రెండూ కలిపి వాడితే ఇట్రాకొనజోల్ వేసుకోనట్టే లెక్క. పైన టీబీ, ఫంగస్ రెండూ ఉంటే లెక్క మారిపోతుందన్నది ఇందుకే. కొలెస్ట్రాల్‌కి వాడే సిమ్వాస్టాటిన్ దీనితో కలపకూడదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఇట్రాకొనజోల్ అసలు ఇవ్వకూడదు. అందరూ మర్చిపోయేది ఇన్‌హేలర్. బుడెసొనైడ్, ఫ్లూటికసోన్ ఉన్న పంపు పీలుస్తూ ఇది వాడితే, ఆ స్టెరాయిడ్ ఒంట్లో పేరుకుని మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలూ పంపులూ అన్నీ ఒక క్యారీ బ్యాగులో వేసుకుని వెళ్లండి. కాళ్ల వాపు, అరికాళ్లు తిమ్మిరెక్కడం, కళ్లు పచ్చబడడం కనిపిస్తే ఆగకుండా చెప్పాలి.

వొరికొనజోల్ అనేది ఖరీదెక్కువ ఉన్న ఇంకో ఫంగస్ మందు, దాంతో అదే మంచిదని జనం అనుకుంటారు. కొత్తగా వైద్యం మొదలుపెట్టేవాళ్లలో అది ఇట్రాకొనజోల్ కన్నా మెరుగని మన దేశంలోనే జరిగిన పోలికలో తేలలేదు. పైగా కళ్ల ముందు వెలుగులు ఆడడం, ఎండకి చర్మం కమిలిపోవడం దాని ప్రత్యేకతలు. మే నెలలో ఒంగోలు ఎండలో పొలం పని చేసే మనిషికి అది రాసేముందు ఆలోచించాలి. ఇట్రాకొనజోల్ పడనివాళ్లకీ, పనిచేయనివాళ్లకీ అది ఉండనే ఉంది.

ఎంబోలైజేషన్

నెత్తురు గట్టిగా పడుతున్నప్పుడు మొదట గుర్తుకు రావాల్సింది ఇది. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, ఊపిరితిత్తి గొట్టాలకి రక్తం ఇచ్చే ధమనుల్లో కారుతున్నదాన్ని వెతికి, సన్నటి రేణువులతో మూసేస్తారు. గుండెకి ఆంజియో చేసినట్టే ఉంటుంది. మత్తు మొత్తం ఇవ్వరు, అక్కడ మాత్రమే సూది. ఊపిరి తక్కువున్నవాళ్లకి కూడా చేయొచ్చు. అదే దీని గొప్ప.

గంటల్లో నెత్తురు ఆగడం చాలామందిలో జరుగుతుంది. కానీ ఉండ అక్కడే ఉంది, గుల్ల అక్కడే ఉంది. కొత్త రక్తనాళాలు పక్కటెముకల నుంచి, చంక వైపు నుంచి అల్లుకుంటాయి. అందుకే ఫంగస్ బాల్ ఉన్నవాళ్లలో నెలల్లోనో ఏళ్లలోనో మళ్లీ పడడం మిగతా జబ్బుల కన్నా ఎక్కువ. పంపు లీకయితే గుడ్డ చుట్టినట్టు, పైపు మార్చేదాకా నిలబెడుతుంది. కొందరికి ఆ గుడ్డే జీవితాంతం సరిపోతుంది, కొందరికి రెండోసారి, మూడోసారి చేయాల్సొస్తుంది.

రిస్క్ గురించి సూటిగా అడగండి. వెన్నుపాముకి వెళ్లే ధమని ఒక్కోసారి ఇదే చోటు నుంచి బయల్దేరుతుంది. పొరపాటున అది మూసుకుంటే కాళ్లు పడిపోవచ్చు. అరుదు, అయినా దీనికోసమే చేయి తిరిగిన ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ కావాలి. ముందు సీటీ ఆంజియో తీస్తే ఏ నాళం ఎక్కడుందో తెలుస్తుంది. రంగు మందు ఎక్కిస్తారు కాబట్టి షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవాలి. తర్వాత రెండు మూడు రోజులు ఛాతీ నొప్పి మామూలే.

ఆపరేషన్

జబ్బుని వేళ్లతో సహా తీసేసే దారి ఇదొక్కటే. ఉండ, గుల్ల ఉన్న తమ్మెని, అంటే ఊపిరితిత్తిలో ఆ భాగాన్ని, కోసి తీసేస్తారు. ఒకే గుల్ల ఉండి, మిగతా ఊపిరితిత్తి బాగుండి, నెత్తురు పడుతున్న మనిషికి ఇది మొదటి ఎంపిక. ప్రశాంతంగా, ముందే తేదీ పెట్టుకుని చేయించుకుంటే ఫలితాలు బాగుంటాయి. నెత్తురు కక్కుతూ అర్ధరాత్రి బల్ల ఎక్కితే ప్రమాదం చాలా రెట్లు ఎక్కువ. వీలైతే ముందు ఎంబోలైజేషన్‌తో ఆపి, తర్వాత నిదానంగా ఆపరేషన్ చేసేది ఇందుకే.

మరి అందరికీ ఎందుకు చేయరు? పాత టీబీ ఊపిరితిత్తి ఛాతీ గోడకి జిగురు పెట్టినట్టు అతుక్కుని ఉంటుంది. విడదీస్తుంటే ప్రతి అంగుళం దగ్గరా నెత్తురే. తీసేశాక మిగిలిన ఊపిరితిత్తి గట్టిపడిపోయి సాగదు, ఖాళీ నిండదు. ఆ ఖాళీలో చీము పట్టొచ్చు, కోసిన గొట్టం దగ్గర గాలి లీకు వారాల తరబడి ఆగకపోవచ్చు. పాకుతున్న రకంలో ఈ ఇబ్బందులన్నీ ఎక్కువ, జబ్బు తిరిగి రావడం కూడా ఎక్కువ.

సర్జన్‌ని అడగాల్సిన ప్రశ్నలు నాకు మూడే తోచాయి. ఊపిరి పరీక్షని బట్టి ఆపరేషన్ తర్వాత నాకు ఎంత ఊపిరి మిగులుతుంది? టీబీ తర్వాత ఇలాంటి ఆపరేషన్లు మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? చుట్టూ ఫంగస్ చిందకుండా ముందూ వెనకా మందు ఇస్తారా? ఆరు నిమిషాల నడక పరీక్షలో మధ్యలో కూలబడ్డ మనిషికి, ఎంత పేరున్న సర్జన్ ఒప్పుకున్నా, ఇంకొకరి మాట వినడం మంచిదని నా అభిప్రాయం.

గుల్లలోకి నేరుగా మందు

సీటీ చూస్తూ ఛాతీ గోడ గుండా సన్నటి గొట్టం గుల్లలోకి దించి ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు పోస్తారు. ఆపరేషన్‌కి పనికిరాక, ఎంబోలైజేషన్ చేసినా నెత్తురు ఆగనివాళ్లకి. కొద్ది చోట్లే చేస్తారు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం ఉంది. మిగతా దారులన్నీ మూసుకున్నాక అడగాల్సిన సంగతి.

ఒక్క చూపులో

| దారి | ఎవరికి నప్పుతుంది | నెత్తురు ఆపుతుందా | ఉండ పోతుందా | అసలు బాధ |
|---|---|---|---|---|
| కనిపెట్టుకుని ఉండడం | లక్షణాలు లేని, మారని ఒంటరి ఉండ | ఆపదు | అరుదుగా | స్కాన్లు తప్పకూడదు |
| మాత్రలు | పాకుతున్న దీర్ఘకాలిక రకం | నెమ్మదిగా తగ్గిస్తుంది | చాలాసార్లు పోదు | ఏడాది వాడకం, మిగతా మందులతో తగాదా |
| ఎంబోలైజేషన్ | గట్టిగా నెత్తురు పడేవాళ్లు, ఊపిరి తక్కువున్నవాళ్లు | వెంటనే, చాలామందిలో | పోదు | మళ్లీ పడొచ్చు |
| ఆపరేషన్ | ఒకే గుల్ల, మిగతా ఊపిరితిత్తి మంచిది | పూర్తిగా | పోతుంది | పెద్ద కోత, అతుకులు, గాలి లీకు |
| గుల్లలోకి మందు | వేరే దారి లేనివాళ్లు | కొందరిలో | కొందరిలో | చేసే చోట్లు తక్కువ |

ఈ పట్టికలో ఒకటే అడ్డవరస ఎంచుకోవాలని లేదు. చాలామంది రెండు మూడు దారుల మీదుగా వెళతారు. ఎంబోలైజేషన్, తర్వాత మాత్రలు. లేదా మాత్రలు, తర్వాత ఆపరేషన్.

మీరు వీళ్లలో ఎవరు

వయసు నలభై లోపు, మెట్లు ఎక్కినా ఆయాసం లేదు, ఒకే గుల్ల, రెండు మూడుసార్లు నెత్తురు పడింది: ఆపరేషన్ గురించి ఆలస్యం చేయకుండా మాట్లాడండి. భయంతో వాయిదా వేసిన ఏళ్లలో ఊపిరితిత్తి ఇంకా అతుక్కుపోతుంది.

డెబ్భై దాటారు, ఆక్సిజన్ మిషన్ ఇంట్లోనే ఉంది, రెండు వైపులా టీబీ మచ్చలు: కత్తి మాట మర్చిపోండి. మాత్రలు, అవసరమైతే ఎంబోలైజేషన్. బరువు నిలబెట్టుకోవడమే ఇక్కడ పెద్ద విజయం.

వేరే పనికి తీసిన ఎక్స్‌రేలో అనుకోకుండా కనపడింది, ఏ ఇబ్బందీ లేదు: ఐజీజీ, సీటీ చేయించి, మూడు నెలలకి మళ్లీ పోల్చండి. ఈలోగా ఎవరైనా కంగారు పెట్టి ఆపరేషన్ తేదీ ఇస్తే, రెండో అభిప్రాయం తీసుకోండి.

ఊరు పెద్దాసుపత్రికి నాలుగు గంటల దూరం, నెత్తురు అప్పుడప్పుడూ పడుతోంది: పట్నంలో ఉండేవాళ్లు కనిపెట్టుకుని ఉండగలరు, మీరు ఉండలేరు. ఇదే జబ్బు, ఇదే స్కాన్, అయినా మీ సలహా వేరుగా ఉండాలి. ఈ మాట డాక్టర్‌కి నోరు తెరిచి చెప్పండి.

షుగర్ అదుపులో లేదు, లేదా కీళ్ల నొప్పులకని ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ బిళ్లలు వాడుతున్నారు: మీ ఒంటరి ఉండ నెలల్లో పాకే జబ్బుగా మారొచ్చు. ముందు అవి అదుపులోకి రావాలి. స్టెరాయిడ్‌ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, డాక్టరే తగ్గించాలి.

డబ్బు విషయం. ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రులు హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ఉన్నాయి, టీచింగ్ ఆసుపత్రుల్లో ఛాతీ విభాగాలున్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో, చేరకముందే ఆసుపత్రిలోని డెస్క్ దగ్గర అడిగి రాయించుకోండి. ఏడాది మాత్రల ఖర్చు మాత్రం చాలామంది లెక్కలో వేసుకోరు. ఆపరేషన్‌కి అప్పు దొరుకుతుంది, ఎనిమిదో నెల స్ట్రిప్పుకి దొరకదు.

అర్ధరాత్రి నెత్తురు పడితే

ఏ దారి ఎంచుకున్నా ఇది ఇంట్లో అందరికీ తెలిసుండాలి. ఏ వైపు ఊపిరితిత్తిలో గుల్ల ఉందో ఆ వైపు కిందికి వచ్చేలా పక్కకి తిప్పి పడుకోబెట్టండి. అప్పుడు నెత్తురు మంచి ఊపిరితిత్తిలోకి పారదు. మింగనివ్వకండి, ఉమ్మనివ్వండి. గిన్నెలోకి పట్టి ఎంత పడిందో డాక్టర్‌కి చూపించండి. చారలైతే తెల్లారాక వెళ్లొచ్చు, పావు గ్లాసు దాటితే 108కి ఫోన్ చేసి అప్పుడే బయల్దేరండి. మా ఇంట్లో గోడ మీద క్యాలెండర్ పక్కన "కుడి వైపు కిందికి" అని పెద్దక్షరాలతో రాసి అంటించాం.

ఇక మా పెదనాన్న సంగతి. ఐజీజీ బాగా పెరిగి ఉంది, గుల్ల పక్కనే ఇంకో చిన్న గుల్ల మొదలైంది, నడక పరీక్షలో నాలుగో నిమిషానికే కూర్చుండిపోయారు. టీబీ మందులు ఆపించారు. రిఫాంపిసిన్ ప్రభావం ఒంట్లోంచి పోవడానికి రెండు వారాలు ఆగి ఇట్రాకొనజోల్ మొదలుపెట్టారు. మూడో నెలలో ఒక రాత్రి టీ గ్లాసెడు నెత్తురు పడితే ఎంబోలైజేషన్ చేయించాం. పద్నాలుగు నెలలు మాత్రలు వాడారు. ఉండ ఇప్పటికీ అక్కడే ఉంది. ఆరు నెలలకోసారి స్కాన్ కవరు పట్టుకుని షాపుకొచ్చి, ముందు తూకం మెషీన్ ఎక్కి, ఆ తర్వాతే కవరు నా చేతికిస్తారు. మొన్న యాభై ఆరు కిలోలు చూపించింది. గడ్డివాము దగ్గరికి పోనని మాటిచ్చారు కానీ, ఆయన చొక్కా జేబుకి అంటుకున్న గడ్డిపోచ నేను చూడనట్టు ఊరుకున్నాను.